పలకరాళ్ళ గది

మా తోటికోడలు రంగనాయకమ్మ కడుపులో ఉన్నది బిడ్డ కాదని దొరసాని డాక్టరు చెప్పినప్పుడు, మా అత్త కాశమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది: "మరి తొడిగించిన గాజులేం చేయాల?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా ఆ పిల్ల బల్ల మీద పడుకుని కళ్ళప్పగించి చూస్తుంటే ఈమెకు గాజుల గొడవా! అత్త కాకుండా ఇంకెవరైనా అయ్యుంటే అక్కడే దులిపేసేదాన్ని. ఈ చెంచమ్మకు ముక్కు మీద కోపమని మా ఊళ్ళో అందరూ అంటారు. అననీ. కోపం రావాల్సిన చోట రాకపోతే ఇంకెందుకది?

రంగనాయకమ్మ మా మరిది గురవయ్య భార్య. కాపురానికొచ్చి పదేళ్ళు దాటినా కడుపు పండలేదు. యుద్ధం పేరు చెప్పి కిరసనాయిలు కూడా దొరక్కుండా చేశారే, ఆ ఏడు సజ్జలు విత్తే రోజుల్లో ఆమె పొట్ట ఎత్తుగా కనిపించింది. అంతకుముందు నెలలో సగం రోజులు ముట్టుతోనే ఉండే మనిషికి రెండు నెలలు ఏమీ కనపడలేదు. ఇంకేముంది, ఇంట్లో పండగే! మా అత్త మార్కాపురం నుంచి గాజులాయన్ని పిలిపించింది. ఊళ్ళో ముత్తైదువలందరినీ కూర్చోబెట్టి చలివిడి పంచి, రెండు చేతులకూ నిండుగా పచ్చగాజులు తొడిగించింది. ఆ తర్వాత మధ్య మధ్య రక్తం కనపడినా, "కొందరికి అట్లనే కనపడతాది" అని కొట్టిపారేసింది.

తొమ్మిదో నెల దాటింది, పదీ దాటింది. నొప్పుల్లేవు. మంత్రసాని పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "బిడ్డ నిద్రపోతాంది" అంది. నిద్రపోయే బిడ్డకు ఇంత రక్తమెందుకు పోతుందే అని నేనడిగితే, నీ నోరు మంచిది కాదు పో అని కసిరింది. చివరకు ముద్దలు ముద్దలుగా పడటం మొదలయ్యాక, గుంటూరు ఆడవాళ్ళ ఆసుపత్రి దొరసాని మార్కాపురం వచ్చిందని తెలిసి, కాస్త నిలిచిన రోజు చూసుకుని బండి కట్టించి తీసుకుపోయాం.

ఆ దొరసానిది తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "అమ్మా, ఇది శిశువు కాదు. గర్భసంచి కండలో గడ్డలు పెరిగియున్నవి" అంది. ఆమె పక్కనున్న నర్సు ప్రేమకుమారి మన మాటల్లో విడమరిచింది. పెద్ద గడ్డ కొబ్బరికాయంత ఉందట. దాని చుట్టూ చిన్నవి ఉన్నాయట. గర్భసంచి నోటి దగ్గర పులిపిర్ల లాంటివి రెండు వేలాడుతున్నాయట.

"రాచపుండా?" అని నేను భయం భయంగా అడిగాను.

"కాదక్కా, ఆ భయం లేదు. ఈ గడ్డలు శానామంది ఆడోళ్ళకు ఉంటాయి. కానీ ఈమెకు రక్తం వాటి నుంచే కారిపోతాండాది. ముట్టు వారం దాటి పోతాన్నా, ముద్దలు పడతాన్నా, మెట్టెక్కితే ఆయాసం వస్తాన్నా, అది రోగమని లెక్క. ఈమెకు మూడూ ఉండాయి. ఎంత తొందరగా గుంటూరు తీసుకొస్తే అంత మంచిది. కోసి సంచి తీసేయాల. ఇంకా రక్తం పోయిందంటే కోసేదానికి గూడా పనికి రాదు, మనిషి దక్కదు."

సంచి తీసేస్తే ఇక పిల్లల్లేరు. ఆ మాట ఎవరూ అనలేదు గాని అందరికీ అర్థమైంది. గురవయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మా అత్త అడిగిన గాజుల మాట అప్పటిదే.

తిరుగు దారి పొడుగునా రంగనాయకమ్మ పొట్ట మీద చేయి తీయలేదు. తర్లుపాడు దాటాక నా చెవిలో మెల్లగా అంది. "అక్కా, వాళ్ళకు తెల్దు. కదులుతాది. రాత్రి పూట నా చెయ్యి కింద కదులుతాది. నాకు తెల్దా?"

"పేగులు గూడా కదులుతాయి లేవే" అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపుకు, ఎందుకన్నానా అని నాలుక కరుచుకున్నాను. ఇల్లు చేరేదాకా గాజుల్ని ఒక్కొక్కటే సర్దుకుంటూ కూర్చుంది.

న్యాయంగా చెప్పాలంటే, మా అత్త వద్దనలేదు. "కోయించుకోనీ. మనిషి బతకాల గదా" అంది. గురవయ్య కూడా సరేనన్నాడు. మా ఆయన బావిలో పూడిక తీయించే పని వదలలేక, మీరు పోండన్నాడు. యుద్ధం వల్ల రైళ్ళు తగ్గించారు. గుంటూరు పోయేది రోజు మొత్తానికి ఒక్కటే, పొద్దుగుంకే వేళకు తర్లుపాడు స్టేషనుకొస్తుంది. బయలుదేరే రోజు పొద్దున్నే రంగనాయకమ్మకు మళ్ళీ రక్తం మొదలైంది.

దాంతో అంతా నిలిచిపోయింది. ముట్టయి దూరమున్న ఆడది ఎద్దుల బండి ఎక్కకూడదు. ఎద్దులు కుంటుపడతాయి. పొలిమేర రాయి దాటకూడదు. అక్కడ దేవత ఉంది. ఎవరూ తాకకూడదు. "ఏం మునిగిపోయింది ఇప్పుడు? నిలవనీ. తలకు పోసుకున్న మర్నాడే పోండి" అంది అత్త. మాకూ అది సబబుగానే తోచింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే కదా!

ఊళ్ళో తక్కిన ఇళ్ళలో దూరం కూర్చోవాలంటే పంచలో ఒక మూల, చాప, చెంబు. అంతే. మా ఇంట్లో మాత్రం పశువుల కొట్టం వెనకాల దానికోసమే ఒక గది ఉండేది. నిలువు పలకరాళ్ళు పాతి, పైన పలకలు పరిచి మా మామ బతికున్న రోజుల్లో కట్టించాడు. లోపల కూర్చోవచ్చు గాని నిటారుగా నిలబడితే తల తగిలేది. గుమ్మం మీది పలక మరీ కిందికి ఉండేది. ఎన్నేళ్ళయినా నేను లోపలికి పోయే ప్రతిసారీ నుదురు కొట్టుకునేదాన్ని. ఎండలు ముదిరాయంటే ఆ రాళ్ళు రొట్టెలు కాల్చే పెనమే. ఆచారమంటే కాశమ్మ ఇంటిదే అని ఊళ్ళోవాళ్ళు పొగిడేవాళ్ళు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు నేను కూడా అదేదో గొప్పనే అనుకున్నాను. సిగ్గులేకపోతే సరి.

ఆ గదిలో రంగనాయకమ్మను కూర్చోబెట్టి మేం ఎదురుచూడటం మొదలుపెట్టాం. నిలిచింది, తలకు పోసింది అత్త. ఆ సాయంత్రమే మళ్ళీ కనపడింది. మళ్ళీ గదిలోకి. లెక్క మళ్ళీ మొదటి నుంచి.

ఇంకోసారి నిలిచింది. ఈసారి బండి కట్టనే కట్టాం. మా జీతగాడు ఇశ్రాయేలు కాడి ఎత్తి ఎద్దుల్ని పూన్చాడు. రంగనాయకమ్మ తల తడి ఆరకుండానే వచ్చి బండి పట్టె పట్టుకుని ఒక కాలు పైకి పెట్టింది. అప్పుడు నేను చూశాను, మడమ మీదుగా ఎర్రగా ఒక చార దిగుతోంది. నేను అడ్డం నిలబడేలోపే అత్త చూసేసింది.

"దిగు. దిగవే తల్లీ, దిగు" అంది. ఆ గొంతులో కోపం లేదు, భయమే ఉంది. ఎద్దులకేమన్నా అవుతుందేమోనని గబగబా వాటి నుదుటి మీద పసుపు నీళ్ళు చల్లింది.

రంగనాయకమ్మ మారు మాట్లాడకుండా దిగి, తనంత తానే గది వైపు నడిచింది. అందుకే నాకు ఒళ్ళు మండింది. "నోరు లేదా నీకు? ఎక్కుతా అని అరవొచ్చు గదా!" అని గది బయట నిలబడి తిట్టాను. ఆ పిల్ల మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది.

ఆ తర్వాత రోజులు నాకు సరిగా గుర్తు లేవు. గుడ్డలు గుర్తున్నాయి. రక్తం పీల్చడానికి గుడ్డలో కట్టి పెట్టిన బూడిద సంచులు గుర్తున్నాయి. పెళ్ళినాటికి దానిమ్మ పువ్వులా ఉండే ముఖం సున్నం కొట్టినట్టయిపోయింది. గోళ్ళు తెల్లబడ్డాయి. గోడ పట్టుకుని రెండడుగులు వేస్తే కుక్కలా రొప్పేది. నిండుగా తొడిగిన పచ్చగాజులు చేయి పైకెత్తితే మోచేతి దాకా జారిపోయేవి. గురవయ్య పొద్దున లేస్తే కొట్టం దగ్గరకొచ్చి నిలబడి, "నిలిచిందా వదినా?" అని అడిగేవాడు. నేను తల అడ్డంగా ఊపితే పొలం పోయేవాడు. మగవాడికి అంతకు మించి ఆ గది దగ్గర ఏం పని ఉంటుందని అనుకునేవాడు పాపం.

ఒకనాడు ఎండ నడినెత్తికి వచ్చిన వేళ గంజి తీసుకుపోయాను. దూరమున్నవాళ్ళకు గిన్నె తాకించకూడదు, పైనుంచి పోయాలి. రంగనాయకమ్మ దోసిలి పట్టింది. పోసిన గంజి పోసినట్టే వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. వేళ్ళు దగ్గరికి పట్టుకునే బలం కూడా లేదు ఆ పిల్లకు.

"అక్కా" అంది. వినపడాలంటే వంగాల్సి వచ్చింది. "బిడ్డ గాదు గదా అది?"

ఇంకోసారి నాలుక జారకూడదనుకున్నాను. కానీ అబద్ధం చెప్పి ఏం చేయను? "గాదమ్మా" అన్నాను.

"నాకూ తెలిసిపోయింది. కదలడం ల్యా. ఎప్పుడూ కదల్లేదేమో." కాసేపు ఊపిరి తీసుకుంది. "బండి దిగమంటే ఎందుకు దిగినానో తెలుసా? కోస్తే బిడ్డని చంపుకుంటానేమోనని. నిలవకపోతే బాగుండు, పోయే పని తప్పుతాదని మొక్కుకున్నా గూడా. బిడ్డ కోసమైతే సచ్చినా సరేననుకున్నా. ఒక గడ్డ కోసం నేనెందుకు సావాలక్కా? నన్ను పంపించండి."

గంజి గిన్నె ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. వంగి లోపలికి దూరాను. అలవాటు ప్రకారం నుదురు పలకకు ఠంగున కొట్టుకుంది. ఆ పిల్ల చంకల కింద చేతులు వేసి లేపబోయాను. ఒళ్ళు చల్లగా ఉంది. ఆ పెనం లాంటి గదిలో ఒళ్ళు చల్లగా ఉంది!

"ఏమే చెంచమ్మా! ముట్టుకున్నావే!" వెనక నుంచి మా అత్త కేక. "దూరమున్న మనిషిని ముట్టుకున్నావే! ఇంటి నిండా పిల్లలుండారు, బయటికి రా, తలకు పోసుకో!"

"పోసుకోను."

"ఏందీ?"

బయటికొచ్చాను. అత్త కుంటుకుంటూ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ వారంలోనే కొట్టంలో పలకరాయి మీద పడి ఆమె కాలి బొటనవేలు చితికింది, పసుపు గుడ్డ చుట్టుకుని తిరుగుతోంది. నా కళ్ళు ఆ గుడ్డ మీద పడ్డాయి. ఇప్పటికీ ఆ వేలికి రుణపడి ఉన్నాను.

"అత్తా, నీ కాలికి ఆ గుడ్డ ఏంది?"

"పిచ్చిగాని పట్టిందా నీకు? రాయి పడిందని తెల్దా?"

"రక్తం పోలా?"

"పోకేం, వాకిలంతా అయింది."

"మరి నిన్ను తెచ్చి ఈ గదిలో కూర్చోబెట్టినామా? నీ చేతి నీళ్ళు తాగమన్నామా? ఎద్దుల్ని ముట్టుకోవద్దన్నామా?"

"అది దెబ్బ గదనే! దెబ్బకు దూరమేంది?"

"ఇదీ దెబ్బే. లోపలి దెబ్బ. దొరసాని చెప్తాంటే నువ్వూ విన్నావు గదా! గడ్డల నుంచి, ఆ పులిపిర్ల నుంచి కారుతాండాదని చెప్పలా? ముట్టయితే నాలుగు దినాలకు నిలుస్తాది. గడ్డ కోసేదాకా నిలవని రక్తం ముట్టెట్లవుతాది? నిలిచినాక కోయించాలంటావు. కోస్తేగాని నిలవదు. నువ్వు లెక్క పెట్టుకుంటానే ఉండు, అది సచ్చిపోతానే ఉంటాది!"

నా అరుపుకు కొట్టంలో దూడ బెదిరింది. అత్త చెంప పగలగొడుతుందనే అనుకున్నాను. కొట్టనీ, కొట్టినా ఈ పిల్లను ఎత్తుకునే పోతానని పళ్ళు బిగించి నిలబడ్డాను.

ఆమె కొట్టలేదు. అరవలేదు కూడా. పక్కనున్న రోలు మీద కూర్చుంది.

"ఎన్ని దినాలు దాటితే గడ్డ అన్నాది ఆ నర్సు?" అని అడిగింది. గొంతు వేరేగా ఉంది.

"వారం దాటితే."

"ముద్దలు పడితే?"

"పడితే రోగమే. చెప్పింది గదా."

"ఆయాసం?"

"అబ్బబ్బ, అన్నీ ఎదురుగ్గా కనపడతాంటే మళ్ళా మళ్ళా అడుగుతావేంది!"

అత్త లేచింది. మా అత్త ఆ గదిలో కాలు పెట్టగా నా కాపురంలో నేనెప్పుడూ చూడలేదు. ముసలామె, పైగా కుంటి కాలు. గుమ్మం దగ్గర తల ఎక్కడ వంచాలో అక్కడ వంచి, చీకట్లోకి సరాసరి వెళ్ళింది. పలక ఆమెకు తగలలేదు. రంగనాయకమ్మ వీపు కింద చేయి వేసి, "లే నాయనా, లే. నన్ను పట్టుకో" అంది. ఆడపిల్లను నాయనా అని పిలవడం ఆమె నోటి నుంచి అప్పుడే విన్నాను.

ఇద్దరం కలిసి మోసుకొచ్చాం. గురవయ్య పొలం నుంచి అన్నానికి వచ్చి వాకిట్లో కొయ్యబారిపోయాడు. "అమ్మా, తలకు పోసుకుందా?"

"పోసుకోలా. పోసుకునే పని లేదు. ఇది ముట్టు గాదు. బండి కట్టించు, రైలుకు పోవాల" అంది అత్త. పెట్టెలో ఉన్న తన మడిచీర తెచ్చి బండిలో గడ్డి మీద పరిచింది.

స్టేషను మూడు కోసుల దూరం. పొద్దు అప్పటికే వాలింది. పొలిమేర రాయి దగ్గర ఇశ్రాయేలు ఎద్దుల్ని ఆపి అత్త వైపు చూశాడు. ఆమె బండి దిగి, రాయికి చేతులెత్తి మొక్కింది. ఏం చెప్పుకుందో తెలియదు. కుంటుకుంటూ తనే ముందు దాటి, "తోలు" అంది.

ఇక అక్కడి నుంచి నరకమే. దారంతా రాళ్ళూ గుంతలూ. బండి కుదిపితే ఆ పిల్ల మూలిగేది, కింద చీర తడిసేది. మెల్లగా పోతే రైలు పోతుంది. రైలు పోతే రేపటిదాకా ఈ మనిషి ఉంటుందా?

"పెద్దమ్మా, అదిలించమంటారా, మెల్లగా పోనిమ్మంటారా?" ఇశ్రాయేలు వెనక్కి తిరిగి అడిగాడు.

అత్త నా వైపు చూసింది, నేను గురవయ్య వైపు చూశాను. రంగనాయకమ్మే కళ్ళు మూసుకుని చెప్పింది. "తోలు ఇశ్రాయేలూ. ఓర్చుకుంటా."

తోలాడు. తల నా ఒళ్ళో, నడుము అత్త ఒళ్ళో పెట్టుకుని, ప్రతి కుదుపూ మా తొడల మీద పడేట్టు అదిమి పట్టుకున్నాం. స్టేషను కనపడేసరికి ఇంజను నీళ్ళు పట్టుకోవడం అయిపోయింది. గురవయ్య దూకి, పంచె ఎగ్గట్టి, రెండు చేతులూ పైకెత్తి అరుస్తూ పట్టాల వెంట పరిగెత్తాడు. గార్డు చేతిలోని పచ్చజెండా ఎత్తబోతూ ఆగాడు. ఆ మహానుభావుడి పేరు కూడా మాకు తెలియదు. పెళ్ళాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని, నలుగురూ చూస్తుండగా గురవయ్య రైలెక్కాడు. అప్పుడు ముట్టూ లేదు, మైలా లేదు.

గుంటూరులో దొరసాని రంగనాయకమ్మ కనురెప్ప లాగి చూసి, మా మీద మండిపడింది. "ఇన్ని దినములు ఎందుకు ఆగితిరి?"

"నిలిచేదాకా ఆగినామమ్మా" అంది అత్త.

"ఏది నిలుచువరకు?" అంది దొరసాని. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. ప్రేమకుమారికి అర్థమై తల దించుకుంది. మేమూ దించుకున్నాం.

ముందు ఆ పులిపిర్ల లాంటివి తీసేసి రక్తం తగ్గించారు. సూదులు పొడిచారు, ఉప్పునీళ్ళు ఎక్కించారు, ఇనుప మందు తాగించారు. గోళ్ళకు కాస్త రంగొచ్చాక పెద్ద ఆపరేషను పెట్టుకున్నారు. లోపలికి తీసుకుపోయే ముందు ప్రేమకుమారి చేతికి గాజులుండకూడదంది. ఇంటి దగ్గర ఎంత చెప్పినా తీయని పిల్ల, తనే ఒక్కొక్కటి జారవిడిచి నా కొంగులో వేసింది.

ఆ తలుపు మూసుకున్నాక మాకు కాలం నడవలేదు. గురవయ్య వరండా చివర నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. అత్త స్తంభానికి ఆనుకుని పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. నేను నాకు తెలిసిన దేవుళ్ళందరినీ మొక్కి, అయిపోతే ప్రేమకుమారి మొక్కే దేవుడికి కూడా ఒకటి మొక్కాను.

ఎప్పటికో తలుపు తెరుచుకుంది. "బతికినాదక్కా. ఇంక భయం లేదు" అంది ప్రేమకుమారి. గురవయ్య అక్కడే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అత్త ఏడవలేదు.

"అదేదో నాకు చూపించండి" అంది.

నర్సు గిన్నె తెచ్చి పైన గుడ్డ తీసింది. నేను ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాను. తెల్లగా, గట్టిగా, ముడులు ముడులుగా ఉంది. అత్త మాత్రం వంగి కళ్ళార్పకుండా చూసింది.

"ఇది కోయకపోతే ఏమవుతాదమ్మా? అందరూ సచ్చిపోతారా?"

"అందరూ సావరు పెద్దమ్మా. ఓర్చుకోని బతికినోళ్ళూ ఉంటారు. ముట్లు ఉడిగినాక రక్తం దానంతటదే నిలిచిపోతాది. గడ్డ చిన్నదైపోతాది."

"చిన్నదై లోపల్నే ఉంటాదా?"

"ఉంటాది. ఏం చేయదు."

అత్త తల ఊపింది. గిన్నె మీద గుడ్డ తనే కప్పింది.

సాయంత్రం రంగనాయకమ్మకు మెలకువ వచ్చింది. మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు. పెదాలు తడుపుకుని, "అత్తా, ఏం బిడ్డ?" అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్త మంచం మీదికి వంగి, ఆ బోసి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"బిడ్డ గాదు నాయనా. గడ్డే. నీ తప్పేం లేదు, తప్పు మాది. నేను నా కండ్లతో చూసొచ్చినా. నువ్వు దక్కినావు, సాలు."

రంగనాయకమ్మ కాసేపు అత్త మొహంలోకి చూసింది. తర్వాత గోడ వైపు తిరగబోయి, కుట్లు లాగి, తిరగలేక, అలాగే పైకి చూస్తూ ఏడ్చింది. పదేళ్ళ ఏడుపది. ఎవరం ఊరుకోమనలేదు. అది నిద్రపోయేదాకా అత్త ఆ చేయి వదల్లేదు.

అప్పుడు నేను వరండాలోకొచ్చాను. ప్రాణభయం తీరింది కదా, నా కోపం నాకు తిరిగొచ్చింది. వెనకాలే వచ్చిన అత్తతో అనేశాను. "ఊరికి పోతానే ముందు ఆ గది కూలగొట్టిస్తా. ఏమన్నా అనుకో. నా కూతుళ్ళను దాంట్లో కూర్చోనియ్యను. అయినా ఊళ్ళో ఎవరింట్లోనూ లేంది మనింట్లోనే ఏందత్తా ఆ రాతిగది? మామకు ఏం పోయేకాలమొచ్చి కట్టించినాడు?"

నోరు జారానని అనేశాక తెలిసింది. చచ్చిపోయిన మనిషిని అన్నాను. అత్త ఒంటి కాలి మీద లేస్తుందనుకున్నాను.

ఆమె స్తంభం పక్కన మళ్ళీ అదే చోట కూర్చుని, మళ్ళీ అలాగే పొట్ట మీద చేతులు పెట్టుకుంది.

"గురవయ్య పుట్టినాక ఏడేండ్లు, చెంచమ్మా. నెలలో సగం దినాలు, ఒక్కోసారి నెలంతా. ముద్దలు ముద్దలు. వాడు పంచలో నా కొంగు పట్టుకోని వదిలేవాడు గాదు. ముట్టుకున్న ప్రతిసారీ పసిబిడ్డకు తలకు పోయాల్సి వచ్చేది, జలుబు చేసి రొమ్ము పట్టేది. వాడు నా దగ్గరికి రాకుండా మీ మామ రాళ్ళు పాతించినాడు. వాడు బయట నిలబడి ఏడ్చేవాడు, నేను లోపల కూర్చోని ఏడ్చేదాన్ని. పూర్వజన్మలో ఏ పాపం చేసినానో, అందుకే ఈ మైల నన్ను వదలదు అనుకున్నా. దెబ్బ అని నాకెవరూ చెప్పలా."

వరండా చివర కొడుకు కూర్చున్న వైపు చూసింది. వాడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"నువ్వెందుకు కూలగొట్టేది? నాది. నేను కూలగొడతా" అంది.